శుక్రవారం సాయంత్రానికి హాలు మాట్లాడే ముందు: అమెరికాలోని తెలుగు విద్యార్థి సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికా యూనివర్సిటీల్లో తెలుగు, భారతీయ విద్యార్థి సంఘాలు నడుపుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

2026లో వినాయక చవితి సెప్టెంబరు 14, సోమవారం. ఆ రోజు క్లాసులుంటాయి కనుక చాలా సంఘాలు పండుగను ముందటి శని, ఆదివారాలకు జరుపుతాయి. హాలు దొరుకుతుంది, పోస్టరు తయారవుతుంది, క్యాంపస్‌లోని అన్ని సంఘాలకూ ఆహ్వానం వెళ్తుంది. యూదు విద్యార్థుల సంఘానికీ వెళ్తుంది. కానీ ఆ రెండు రోజులూ వాళ్లకు రోష్ హషానా, అంటే కొత్త సంవత్సరం. 11వ తేదీ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై 13వ తేదీ ఆదివారం రాత్రికి ముగుస్తుంది. ఉగాది పూట మనల్ని ఇంకొకరి వేడుకకు రమ్మంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. పిలిచినవాళ్ల మనసు మంచిదే. అడగకుండా పిలవడంలోనే పొరపాటు జరిగింది.

ఆ సంఘాన్ని నడిపేవాళ్లతో కలిసి పనిచేయాలని మీరు అనుకోవడం మాకెంతో సంతోషం. కాకపోతే తేదీ, వంట రెండూ మీరే ఖాయం చేసేసి ఆ తర్వాత వాళ్లను పిలవకండి. ముందే అడగండి. ఎవరిని అడగాలో, ఏం అడగాలో, అడగకపోతే ఏది ఎందుకు చెడుతుందో చెప్పడానికే ఈ లేఖ.

ముందు వాళ్లెవరో తెలియాలి. చాలా క్యాంపసుల్లో ఆ సంఘం పేరు హిల్లెల్. 1923లో బెంజమిన్ ఫ్రాంకెల్ అనే యువ రబ్బీ (యూదు మతగురువు) మొదటి హిల్లెల్‌ను ఇల్లినాయ్ యూనివర్సిటీలో, మనవాళ్లు వందల్లో చదువుతున్న అర్బానా షాంపేన్‌లోనే పెట్టారు. ఇప్పుడు వందల క్యాంపసుల్లో ఉంది, కానీ ఏ రెండూ ఒకలా ఉండవు. పెద్ద యూనివర్సిటీలో సొంత భవనం, వంటగది, డైరెక్టరు, రబ్బీ, ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు ఉంటారు. చిన్న కాలేజీలో వారానికి కొన్ని గంటలు వచ్చే ఒక్క ఉద్యోగి ఉంటారు, కొన్నిచోట్ల అదీ ఉండదు. ఎక్కడైనా వారంవారం బండి లాగేది విద్యార్థుల బోర్డే. అధ్యక్షులు, కోశాధికారి, షబ్బత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం) భోజనం చూసేవాళ్లు, ప్రార్థనలు చూసేవాళ్లు, అందరూ పంతొమ్మిది ఇరవై ఏళ్ల పిల్లలు. మన సంఘాలకు ఏడాదికి నాలుగైదు పెద్ద కార్యక్రమాలుంటాయి. వాళ్లకు సెమిస్టరుకు పద్నాలుగో పదిహేనో శుక్రవారాలు, పెద్ద చోట్ల ప్రతి శుక్రవారం భోజనాలకు ఎనభై మందో నూట యాభై మందో వస్తారు. మిడ్‌టర్మ్ ఉందని శుక్రవారం ఆగదు. బుధవారం మీరు పంపిన మెయిల్‌కు శుక్రవారానికి కూడా జవాబు రాలేదంటే నిర్లక్ష్యం అనుకోకండి.

ఆ భవనంలో ఒకే సాయంత్రం రెండు మూడు గదుల్లో వేరువేరుగా ప్రార్థన జరగడం మామూలే. యూదుల్లో శాఖలున్నాయి: నిష్ఠ ఎక్కువగా ఉండే ఆర్థడాక్స్ వాళ్లది ఒక గది, కన్సర్వేటివ్ వాళ్లది ఇంకొకటి, గిటారుతో పాడుకునే రిఫార్మ్ వాళ్లది మరొకటి. తర్వాత అందరూ ఒకే హాల్లో కలిసి తింటారు. కొన్ని ప్రార్థనలు సాగాలంటే పదిమంది పెద్దవాళ్లు ఉండాలి. ఆర్థడాక్స్ గదిలో ఆ పదిమందీ మగవాళ్లే, మిగతా గదుల్లో ఆడవాళ్లనూ లెక్కిస్తారు. పరీక్షల వారంలో ఆ పదో మనిషి కోసం ఫోన్లు చేసుకునేది ఈ బోర్డు పిల్లలే, అదీ పొద్దు కుంకకముందే. మనుషుల్ని ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టకూడదని వాళ్ల ఆచారం. పది మాటలున్న ఒక కీర్తన వాక్యాన్ని ఒక్కొక్కరి మీదుగా ఒక్కో మాటగా చెప్పుకుంటూ పోతారు. వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

చాలా క్యాంపసుల దగ్గర చబాద్ అనే మరో యూదు సంస్థ కూడా ఉంటుంది. హిల్లెల్, చబాద్ ఒకటి కావు. చబాద్ కేంద్రాన్ని ఒక రబ్బీ, ఆయన భార్య తమ ఇంట్లోనే నడుపుతారు, వంట చాలావరకు ఆవిడదే. కాలేజీ విద్యార్థుల కోసం మొదటి చబాద్ హౌస్ 1969లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ దగ్గర మొదలైంది. 2008 ముంబై దాడుల వార్తల్లో విన్న నారిమన్ హౌస్ కూడా చబాద్ కేంద్రమే. ఒకరికి చెబితే రెండోవారికి చేరిందనుకోకండి, ఇద్దరికీ విడివిడిగా రాయాలి.

ఇక తేదీల సంగతి. వాళ్ల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శుక్రవారం పొద్దు కుంకడానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు. అక్కణ్నుంచి శనివారం రాత్రి మూడు చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటలు, షబ్బత్. తెలుగు బైబిల్లో విశ్రాంతి దినం అన్నది దీన్నే. ఆ వేళలో నిష్ఠగా పాటించేవాళ్లు వంట చేయరు, పొయ్యి వెలిగించరు, రాయరు, ఫోను ముట్టుకోరు, డబ్బు పట్టుకోరు. కాబట్టి శుక్రవారం రాత్రి గుమ్మం దగ్గర టికెట్లమ్మినా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి లోపలికి రమ్మన్నా వాళ్లు గుమ్మం బయటే ఆగిపోవాలి.

గడియారం వేళ చూసి సరిపోతుందనుకోవద్దు, సూర్యుణ్ని చూడాలి. డిసెంబరు నడుమ బోస్టన్‌లో సుమారు నాలుగుంబావుకే పొద్దు కుంకుతుంది. అంటే నాలుగు కొట్టేసరికి వంట పూర్తయిపోయి ఉండాలి. అదే సమయంలో డాలస్‌లో ఇంకో గంట దొరుకుతుంది. చలికాలంలో శనివారం రాత్రి ఏడున్నరకు కలిసి కార్యక్రమం పెట్టుకోవచ్చు, అప్పటికి షబ్బత్ ముగిసి ఉంటుంది. ఏప్రిల్‌లో అలా కుదరదు, ముగిసేసరికే ఎనిమిది దాటుతుంది. ఏ కాలంలోనైనా చిక్కులేనిది ఆదివారం.

పండుగలు ఏటా తేదీ మారుస్తాయని విసుక్కోకండి, మనవీ అంతే. వాళ్లవీ చాంద్రమాసాలే. పంతొమ్మిదేళ్లలో ఏడుసార్లు అధికమాసం కలుపుతారు, మనకూ సుమారుగా అదే లెక్క. తేడా ఎక్కడంటే, మనకు అధికమాసం సూర్య సంక్రమణాన్ని బట్టి వేరువేరు నెలలకు రావచ్చు. వాళ్లకు ఎప్పుడూ అదార్ నెలకే, మార్చి దరిదాపుల్లో. రెండు లెక్కలూ కలిసిన ఏడాదిలో పండుగలు పక్కపక్కనే వస్తాయి. వాళ్ల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పుర్ తిష్రి నెల పదో రోజు, మన దసరా ఆశ్వయుజ దశమి. 2025లో రెండూ అక్టోబరు 2నే పడ్డాయి. ఒకచోట ఉపవాసం, మరోచోట పిండివంటలు. 2026లో మనకు అధిక జ్యేష్ఠం ముందే వచ్చేసింది, వాళ్ల అధికమాసం 2027లో గానీ రాదు. అందుకే వాళ్ల యోమ్ కిప్పుర్ సెప్టెంబరు 20 ఆదివారం సాయంత్రం మొదలై 21తో ముగిస్తే, మన దసరా అక్టోబరు 20న వస్తుంది. సెప్టెంబరు 25 సాయంత్రం పర్ణశాలల పండుగ మొదలవుతుంది, ఆ వరుస అంతా అక్టోబరు 4 రాత్రికి తీరుతుంది. ఆ మూడు వారాల్లో హిల్లెల్ వాళ్లను ఏమీ అడక్కండి, ఊపిరి తీసుకునే తీరిక కూడా ఉండదు. కలిసి ఏదైనా చేయాలనుంటే అక్టోబరు 18 ఆదివారం చక్కగా సరిపోతుంది. మనకు దసరా సందడి, వాళ్లకు పండుగల అలసట తీరిన సమయం.

ఉగాదికి ఇంకా జాగ్రత్త కావాలి. 2027 ఉగాది ఏప్రిల్ 7, బుధవారం. హాలు దొరకలేదని వేడుకను రెండు మూడు వారాలు వెనక్కి నెడితే నేరుగా పస్కా పండుగలో పడతారు. అది ఏప్రిల్ 21 సాయంత్రం నుంచి 29దాకా. ఆ రోజుల్లో పొంగిన గోధుమ పదార్థం ఏదీ ఇంట్లోనే ఉండకూడదు. తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ కుటుంబాల్లో చాలామంది బియ్యం, పప్పులు కూడా తినరు. అన్నం, పప్పు, ఇడ్లీ, గారె అన్నీ పోతే మన విస్తట్లో మిగిలేదేముంది? పొడి ఇంగువలోనూ చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది, డబ్బా వెనక చూడండి. పస్కాకు ముందు కొద్ది రోజులు వాళ్ల వంటగది మొత్తం కడిగి, మరిగే నీళ్లతో శుద్ధిచేసే పనిలో ఉంటారు. ఏప్రిల్ 11 ఆదివారం పెట్టుకుంటే ఏ గొడవా లేదు.

ఇప్పుడు వంట. "మాది పూర్తి శాకాహారం, కాబట్టి మీరంతా తినొచ్చు" అని పోస్టరు మీద రాసే సంఘాలే ఎక్కువ. అది నిజం కాదు. శాకాహారమైతే మాంసం బెడద తప్పుతుంది, అంతవరకే. యూదు విద్యార్థుల్లో కోషర్, అంటే వాళ్ల మతం చెప్పే ఆహార నియమాలు, పాటించనివాళ్లు చాలామందే ఉన్నారు. అయినా సంఘం పెట్టే భోజనం అందరికన్నా నిష్ఠగా ఉండే మనిషి కూడా తినగలిగేలా ఉండాలన్నది వాళ్ల పట్టుదల. మనం బంతిలో ఉల్లి తినని ఒక్క పెద్దాయన కోసం మొత్తం వంట ఉల్లి లేకుండా చేయమూ, అలా.

మొదటి చిక్కు గిన్నెలతో. మీ అపార్ట్‌మెంట్ కుక్కర్లో నిన్న చికెన్ ఉడికి ఉంటే ఈ రోజు అందులో వండిన పప్పు వాళ్లకు పనికిరాదు, ఎంత తోమినా సరే. అందుకని ఇంట్లో వండి తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. వాళ్ల వంటగదిలో, వాళ్ల గిన్నెల్లో, వాళ్ల పర్యవేక్షకుల ఎదుట వండండి. ఆ పర్యవేక్షకులను మష్గియా అంటారు. మీ కుక్కరు, గ్రైండరు, గరిటె, చివరికి ఇంటి నుంచి తెచ్చిన పోపుల డబ్బా కూడా గుమ్మం దాటి లోపలికి తేవద్దు. సీలు తీయని పాకెట్లు మాత్రమే తేవాలి. వాటి మీద కోషర్ గుర్తుండాలి, ఉదాహరణకు సున్నాలో యు అక్షరం. పక్కన డి అని ఉంటే అది పాలది. ఉత్త కె అక్షరం మాత్రమే ఉంటే దాన్ని నమ్మరు, ఎవరైనా అచ్చువేసుకోవచ్చు కాబట్టి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి లాంటి విడి దినుసులతో పెద్దగా పేచీ రాదు. పొడి మసాలాలు, నూనె, చింతపండు గుజ్జు, నెయ్యి, పనీరుతోనే వస్తుంది. చీజ్‌ను గడ్డకట్టించడానికి వాడేది దూడ పొట్టలోంచి తీసినది కావచ్చు. ద్రాక్షరసంతో చేసిన వెనిగర్‌కు వేరే నియమాలున్నాయి. పది రోజుల ముందే ప్రతి పాకెట్టు ముందూ వెనకా ఫోటో తీసి పంపండి. కొన్నాక కాదు, కొనకముందే.

రెండోది నెయ్యి, పెరుగు. శుక్రవారం రాత్రి భోజనంలో మామూలుగా కోడిమాంసం ఉంటుంది. మాంసం ఉన్న బంతిలో పాలు తగిలినదేదీ ఉండకూడదు. తిన్న తర్వాత కూడా చాలామంది ఆరు గంటలదాకా పాలు ముట్టరు. పప్పులో ఒక్క చెంచా నెయ్యి వేశారా, ఆ గుండిగ మొత్తం పక్కన పెట్టేయాలి. పెరుగన్నం, పాల పాయసం, టీ కుదరవు. మాంసం, పాలు రెండూ కాని వంటను పరేవ్ అంటారు. మా సలహా అదే. నూనె పోపు పులిహోర, నెయ్యి లేని ముద్దపప్పు, వంకాయ కూర, కొబ్బరి పచ్చడి, కొబ్బరిపాలతో పాయసం. చేప పెట్టాలనుకుంటే పొలుసులు, రెక్కలు ఉన్నవి చెల్లుతాయి. బొచ్చె, కొరమీను తింటారు. వాలుగ, రొయ్య, పీత తినరు. చేపను మాంసంతో ఒకే కంచంలో పెట్టరు.

మూడోది ఎవరూ ఊహించనిది, కరివేపాకు. ఆకుకూరల్లో పురుగు కంటికి కనిపించేంత ఉంటే అది నిషేధం, పంది మాంసం ఎంతో అదీ అంతే. ఎనభై మందికి మూడు కిలోల బియ్యం పులిహోర, రెండున్నర కిలోల కందిపప్పు అనుకోండి. పోపులకు నలభై రెబ్బలైనా కావాలి. రెబ్బకు పదిహేను ఆకుల లెక్కన ఆరువందల ఆకులు. వాటిని దూసి, రెండు చుక్కల సబ్బు కలిపిన నీళ్లలో కొద్దిసేపు నానబెట్టి, చేత్తో కలియబెట్టి, ధారగా కడిగి, ఒక్కో ఆకునూ దీపపు పెట్టె మీద పెట్టి రెండు వైపులా చూస్తారు. ఆకు అడుగున ఈనె పక్కన సూదిమొనంత పొలుసు పురుగు అంటుకుని ఉంటుంది, మామూలు వెలుతురులో అది కనబడదు. పురుగు దొరికితే ఆ కట్టంతా మళ్లీ కడగాలి, మళ్లీ దొరికితే పారేయడమే. ఇద్దరు కూర్చున్నా గంటకు పైగా పని. కొత్తిమీర, గోంగూర ఇంకా కష్టం, కాలీఫ్లవర్ జోలికే పోవద్దు. చారుకు వాసన చాలనుకుంటే కరివేపాకును సన్నటి గుడ్డలో మూటకట్టి మరిగించి తీసేయండి. బియ్యం, పప్పు కూడా ఏరాలి. చేటలో పోసి ఏరడం చిన్నప్పటి నుంచి చూసిన చేతులే మనవి, ఆ వంటగదిలో మనవాళ్లు నిజంగా పనికొచ్చే పని ఇదే. గురువారం రాత్రి నలుగురు వెళ్లి కూర్చోండి.

నాలుగోది పొయ్యి. వంట మొత్తం యూదులు కానివాళ్లే చేస్తే ఆ వంట తినకూడదని నియమం ఉంది. మష్గియా స్వయంగా పొయ్యి వెలిగిస్తే చాలామందికి సరిపోతుంది. కొన్ని సంప్రదాయాల వాళ్లకు గిన్నె పొయ్యి మీద పెట్టడం కూడా యూదులే చేయాలి. కాబట్టి తొందర ఉందని మీరే బర్నర్ తిప్పకండి. మంట ఆరిపోతే మళ్లీ వాళ్లనే పిలవండి.

భోజనం శుక్రవారం రాత్రిదైతే, ఇవన్నీ దాటినా చివర్లో దెబ్బతీసేది హాట్‌ప్లేట్. షబ్బత్ మొదలయ్యాక వేడి చేయకూడదు కాబట్టి వండినదంతా అప్పటికే వేడి పలక మీద ఉంచి, రెండు మూడు గంటల తర్వాత ప్రార్థనలు ముగిశాక వడ్డిస్తారు. పప్పు అడుగంటి ముద్దకడుతుంది, మనకు చెయ్యి వెంటనే నీళ్ల చెంబు మీదికి పోతుంది. పోయకూడదు. పొయ్యి మీద ఉన్న గిన్నెలో నీళ్లు పోయడం కూడా వండటం కిందికే వస్తుంది. అందుకే పప్పు ముందే మామూలుకన్నా బాగా జారుగా చేసి, మూత గట్టిగా బిగించాలి. తెల్లన్నం ట్రేల మీద రేకు రెండు పొరలు వేయాలి. దోసె, వేడి గారె మాటే వద్దు. చల్లారినా రుచి చెడని పులిహోర ఈ భోజనం కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి, దీపాల వేళకు గంట ముందే గరిటె దించేయండి. మష్గియా అదనపు గంటలకు జీతం ఎవరిస్తారో మొదటి మెయిల్లోనే తేల్చుకోండి, ఆ ఖర్చు హిల్లెల్ వాళ్ల నెత్తిన పడేయడం న్యాయం కాదు.

భోజనానికి వెళ్లినప్పుడు స్వీటు డబ్బా తీసుకెళ్లకండి. కోయని పళ్లు, పూలు తీసుకెళ్లొచ్చు, అవి కూడా పొద్దు కుంకకముందే ఇచ్చేయాలి. రెండు చెవుల చెంబుతో చేతులు కడుక్కున్నాక రొట్టె విరిచేదాకా వాళ్లు మాట్లాడరు. ఆ కాసేపు పలకరించకండి, ఫోటోలు తీయకండి.

ఇప్పుడు కాస్త సున్నితమైన మాట. పూజ చేసి, నైవేద్యం పెట్టి, ఆ ప్రసాదాన్నే భోజనంగా వడ్డించడం మనకు సహజం. నిష్ఠగా ఉండే యూదులు మరో దైవానికి నివేదించినది తినలేరు, పూజలో కూర్చోలేరు. దీన్ని అవమానంగా తీసుకోవద్దు, వాళ్లకు ఇది ప్రాణం పోయినా దాటకూడని గీతల్లో ఒకటి. పూజ వేరే గదిలో ముందు ముగించి, భోజనం విడిగా పెట్టండి, ఆ సంగతి వాళ్లకు ముందే చెప్పండి. హాలు గుమ్మంలో వేసే ముగ్గులో స్వస్తిక్ వద్దు, ఉమ్మడి పోస్టరు మీద అసలే వద్దు. మనకది మంగళచిహ్నమని 2008లో జెరూసలేంలో కలిసిన హిందూ, యూదు మతపెద్దలు ప్రకటనలోనే రాశారు. కానీ నాజీలు చంపిన ముత్తాత ఫోటో ఇంటి గోడ మీద చూస్తూ పెరిగిన అమ్మాయి హాల్లోకి అడుగుపెట్టే క్షణంలో ఆ ప్రకటన గుర్తుకురాదు. మన పూజగదిలో అది ఉంటుంది, ఉండాలి. వాళ్లను ఆ గదికి పిలిచేటట్టయితే ముందుగా ఒక మాట చెప్పండి, చాలు.

గుమ్మం దగ్గర పోలీసు కారు, సంచుల తనిఖీ చూసి చిన్నబుచ్చుకోకండి. 2018 అక్టోబరు 27న, ఒక షబ్బత్ ఉదయం, పిట్స్‌బర్గ్ ప్రార్థనా మందిరంలో పదకొండు మందిని కాల్చి చంపారు. మనవాళ్లు బాగా చదివే కార్నెగీ మెలన్‌కు అది కూతవేటు దూరం. అతిథుల పేర్లు గురువారానికల్లా ఇవ్వండి. వెనక వచ్చే స్నేహితుడి కోసం తలుపు తెరిచి పట్టుకోవద్దు. సమయం, చోటు కనబడేలా వాళ్ల కార్యక్రమం గురించి బయట పోస్టు పెట్టొద్దు. భోజనాల దగ్గర ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసినదానికల్లా ఓ పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ని సంజాయిషీ అడగడం కూడా మానండి. ఆ మాటే ఎత్తాలంటే అందుకు వేరే రోజు, వేరే వేదిక ఉంటాయి, వాళ్లూ వస్తారు.

యూదులంటే మనకు అమెరికాలోనే తెలుస్తారనుకోనక్కర్లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, ఇంట్లో తెలుగే మాట్లాడుతూ షబ్బత్ పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. హిల్లెల్ బోర్డు పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, చాలామంది విని ఉండరు.

ఈ వారమే హిల్లెల్ విద్యార్థి బోర్డుకు, డైరెక్టరుకు కలిపి ఒక మెయిల్ రాయండి. మీకు వీలైన మూడు ఆదివారాలు ఇచ్చి వాటిలో ఏది కుదురుతుందో అడగండి. వంట మాంసం వైపా, పాల వైపా, పరేవా అని అడగండి. మష్గియా ఎవరు, ఎన్ని గంటలు ఉండగలరు, ఖర్చెంత అని అడగండి. తేదీ ఆరు వారాల ముందు, మెనూ మూడు వారాల ముందు తేలితే మిగతా పనికి సమయం సరిపోతుంది. హాలుకు అడ్వాన్సు మాత్రం వాళ్ల జవాబు వచ్చాకే కట్టండి.

ఇట్లు,
హిల్లెల్ వంటగదుల్లో మీకన్నా ముందు కరివేపాకు ఏరిన కొందరు తెలుగు పూర్వ విద్యార్థులు